చత్వారపు కండ్లజోడుతో సహవాసము

నలువదేండ్లు దాటిన మనుష్యుని జీవితములో, అంతవరకు అడిగినదెల్ల చూపుచు వచ్చిన కన్ను, సూదిలో దారమెక్కించుటకో, మందుసీసాపై నచ్చొత్తిన గడువుతేదీ చదువుటకో, బియ్యములోని మట్టిబెడ్డ నేరివేయుటకో పూనుకొన్న యొకానొక దినమున మొరాయించును. చేతిలోని పత్రికను కొంచెము దూరముగా జరిపినచో అక్షరములు తేటపడును. కొన్ని నెలలకు మరికొంత దూరము జరుపవలసివచ్చును. తుదకు చేయి చాలదు. మనవారు చత్వారమని పిలుచు నీ స్థితి రోగము కాదు. పండితునికి, పామరునికి, చిన్ననాటినుండి కండ్లజోడు పెట్టుకొన్నవానికి, దాని ముఖమే యెరుగనివానికి గూడ ఇది తప్పదు. దీనికై నేడు పట్టణములలోని కండ్లజోళ్ల దుకాణములలో ప్రోగ్రెసివ్ అద్దములను, బ్రిటనులో వేరిఫోకల్ అని వ్యవహరించువానిని, విరివిగా సూచించుచున్నారు. వానిని వేలకొలది రూపాయలు పోసి కొని, నాలుగు దినములు పెట్టుకొని, తల తిరుగుచున్నదని, నేల పల్లమైనట్లు తోచుచున్నదని తీసి పెట్టెలో దాచినవారు మన బంధువర్గములలోనే ఎందరో కలరు. ఆ యద్దముల నిర్మాణ మెట్టిదో, అవి కంటికిని మెడకును మెదడునకును విధించు నియమము లెట్టివో ముందుగా దెలిసియుండినచో, వారిలో ననేకులు ఆ జోడును వదలియుండరని నా నమ్మకము.

కంటిలోపల, నల్లగ్రుడ్డు వెనుక, పారదర్శకమైన చిన్న కటకమొకటి కలదు. సన్నని తంతువులు దానిని చుట్టును పట్టి నిలిపియుంచును. ఆ తంతువుల మొదళ్లయందు వలయాకారమైన కండర ముండును. దూరపు వస్తువును చూచునప్పుడు ఈ కండరము సడలియుండుటచే తంతువులు బిగిసి కటకము పలుచనై యుండును; దగ్గరి వస్తువును చూడగోరినప్పుడు కండరము సంకోచించి, తంతువులు వదులై, కటకము తన సహజమైన సాగుగుణముచేత ఉబ్బి, కాంతికిరణములను మరింత వంచును. కంటికిగల ఈ సర్దుబాటు నేర్పు లోపలి కటకమునందే యున్నదని 1801లో ఇంగ్లండు దేశీయుడగు థామస్ యంగ్ ప్రయోగపూర్వకముగ నిరూపించెను. అందులో కండరము వహించు పాత్రను 1855లో జర్మను శాస్త్రజ్ఞుడగు హెల్మ్‌హోల్ట్స్ వివరించెను. ఏ వయస్సున ఈ నేర్పు ఎంత మిగులునో కొలిచి, 1864లో వెలువడిన తన గ్రంథమున ప్రకటించినవాడు హాలెండు వైద్యుడగు డోండర్స్. ఆయన లెక్కప్రకారము పదేండ్ల బాలునికి సుమారు 14 డయాప్టర్ల (కటకశక్తికి కొలమానము) సర్దుబాటుశక్తి యుండును, అనగా కంటికి 7 సెంటీమీటర్ల దూరమున పట్టిన అక్షరమునైనను వాడు చదువగలడు. ముప్పదియేండ్లకు ఆ శక్తి 7 డయాప్టర్లకును, నలువదికి నాలుగున్నరకును, ఏబదికి రెండున్నరకును, అరువదికి ఒకటికిని దిగిపోవును.

పుస్తకమును 40 సెంటీమీటర్ల దూరమున పట్టి చదువుటకు రెండున్నర డయాప్టర్లు కావలయును. కాని యున్న శక్తినంతను వెచ్చించి ఎవ్వరును గంటలతరబడి చదువలేరు, అందులో సగము చేతిలో నుంచుకొన్నప్పుడే కన్ను అలయకుండును. నలువదవయేట నున్నది నాలుగున్నర, అందులో సగము రెండుంబావు, కావలసినది రెండున్నర. చత్వారము ఆ వయస్సుననే ఏల తలుపు తట్టునో యీ చిన్న లెక్కయే చెప్పుచున్నది. కండ్లజోడు పెట్టుకొనుటవలన కన్ను సోమరియై పవరు పెరుగునని మన ఇండ్లలో పెద్దలు చెప్పు మాట యథార్థము కాదు. జోడు పెట్టినను పెట్టకున్నను, వయస్సుతోపాటు లోపలి కటకము గట్టిపడి ఉబ్బు నేర్పును కోల్పోవుట ఆగదు. పెట్టుకొనకుండుటవలన మిగులునది కనుబొమలనడుమ ముడియు, సాయంకాలపు తలనొప్పియు మాత్రమే. హ్రస్వదృష్టిగలవారు దూరపు జోడు తీసివేసి చదువుకొనుచు తమకు చత్వారము రాలేదని మురియుట కూడ కలదు. వారికిని వచ్చినది, వారి కంటినిర్మాణము దానిని కప్పిపుచ్చుచున్నది, అంతియే.

దూరమునకొక జోడు, చదువునకొక జోడు పెట్టుకొని మాటిమాటికి మార్చుకొను బాధ పూర్వులకును కలిగినదే. అమెరికా రాజనీతిజ్ఞుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్, రెండు జతల అద్దములను అడ్డముగ సగమునకు కోయించి, పైసగము దూరమునకును క్రిందిసగము దగ్గరకును ఉపకరించునట్లు ఒకే ఫ్రేములో నిమిడ్చి వాడుకొనుచున్నట్లు 1785లో మిత్రునికి వ్రాసిన లేఖలో వర్ణించెను. ఈ బైఫోకల్ అద్దములే మన తాతలు ధరించినవి. వానిలో క్రిందిభాగమున చంద్రవంకవంటి గీత యిప్పటికిని కొందరి జోళ్లలో కనబడుచున్నది. ఆ గీతను దాటునప్పుడు చూపు ఒక్కసారిగా గెంతును. అంతేకాక, మూరెడు దూరముననున్న పుస్తకమునకును వీధిచివరనున్న చెట్టునకును మార్గముండెనుగాని, ఆ రెంటి నడుమనున్న దుకాణపు బల్ల, వంటయింటి పొయ్యి, ఎదుట కూర్చున్న మనుష్యుని ముఖము ఆ రెండుభాగములలో దేనికిని చక్కగా చిక్కవు.

గీత లేకుండ, పైనుండి క్రిందికి శక్తి క్రమముగా పెరుగు అద్దమును చేయవచ్చునను తలంపునకు 1907లోనే ఇంగ్లండులో ఓవెన్ ఏవ్స్ అనునాతడు పేటెంటు పొందెనుగాని అది వాడుకలోనికి రాలేదు. దానిని సాధించి ప్రజల ముక్కులపై నిలిపిన కీర్తి ఫ్రెంచి ఇంజనీరగు బెర్నార్డ్ మైత్నాజ్‌కు దక్కినది. తన తండ్రి బైఫోకల్ జోడును చూచి, ఇది కంటి సహజధర్మమునకు విరుద్ధమని తోచి, ఆ యువకుడు ఏండ్లతరబడి గణితముతోను, అద్దము నరుగదీయు యంత్రములతోను పెనగులాడి, 1959లో వారీలక్స్ అను పేర ఆ యద్దమును వెలయించెను. నేడు లోకమున వాడుకలోనున్న ప్రోగ్రెసివ్ అద్దములన్నియు దాని సంతతియే.

ఇక ఆ యద్దముయొక్క స్వరూపము. పైభాగమున దూరపుచూపునకు దగిన శక్తి. క్రిందిభాగమున ముక్కువైపునకు రమారమి రెండు మూడు మిల్లీమీటర్లు జరిగి, చదువుటకు దగిన శక్తి, ఏలయన చదువునప్పుడు రెండుకండ్లును లోపలికి మొగ్గును. ఈ రెంటిని గలుపుచు నడుమ నొక సన్నని నడవ. ఈ నడవ పొడవు సాధారణముగ 10 మొదలు 18 మిల్లీమీటర్లు. పైశక్తికంటె క్రిందిశక్తి యెంత యెక్కువయో దానిని దుకాణములలో యాడ్ అందురు. నలువదులలో అది ఒకటి, ఏబదికి దాదాపు రెండు, అరువదికి రెండున్నర ప్రాంతమున నుండును.

మసకయంతయు ఈ నడవకు ఇరువైపుల నున్నది. గీత లేకుండ శక్తిని మార్చవలెనన్నచో అద్దపు ఉపరితలము పైనుండి క్రిందికి మరింత మరింత వంపు తిరుగవలయును. అట్లు తిరుగు ఉపరితలము అన్నిచోట్లను నునుపుగా, అన్నిదిక్కులను సమముగా నుండుట గణితశాస్త్రరీత్యా అసాధ్యము. గుండ్రని బిందెపై గుడ్డ కప్పి ముందువైపు ముడత లేకుండ సరిచేసినచో ఆ ముడతలు ప్రక్కలకు చేరునుగాని మాయముకావు. ఈ యద్దమునందును అంతే. 1963లో గుంటర్ మింక్విట్స్ అను జర్మను గణితజ్ఞుడు దీనికొక సూత్రము నిచ్చెను: నడవవెంబడి శక్తి యెంత వేగముగ పెరుగునో, నడవనుండి ప్రక్కకు పోవుకొలది ఆస్టిగ్మాటిజమను మసక అంతకు రెండింతల వేగముతో పెరుగును. 14 మిల్లీమీటర్ల నడవలో రెండు డయాప్టర్లు పెరుగు అద్దమును దీసికొనుడు. నడిమిరేఖనుండి మూడున్నర మిల్లీమీటర్లు ప్రక్కకు చూచుసరికే ఒక డయాప్టరు మసక యేర్పడును. అది కన్ను స్పష్టముగ గుర్తింపగల మసక.

ఈ సూత్రమునుండి కొనువారికి పనికివచ్చు రెండు సంగతులు వెలువడుచున్నవి. మొదటిది: ఎంత వెలగలదైనను ప్రక్కల మసక లేని ప్రోగ్రెసివ్ అద్దము లేదు, ఉండబోదు. ఇటీవల కంప్యూటరు సాయమున చెక్కు ఖరీదైన అద్దములు ఆ మసకను మంచిచోటికి, అనగా అరుదుగా చూచు మూలలకు, నెట్టగలవు. పలుచగా పరచి మృదువుచేయగలవు. ఈ ఉపకారము నిజమైనదే, దానికి ధర చెల్లించుట తప్పుకాదు. కాని, ఏ మూలనుండి చూచినను తేటగా కనబడునని చెప్పి యమ్మువాడు కొనువానికి అపకారము చేయుచున్నాడని నేను గట్టిగా చెప్పగలను, ఏలయన, అట్టి మాట నమ్మి కొన్నవాడు మొదటి దినముననే మసకను చూచి, కన్నో అద్దమో చెడిపోయినదని భయపడి దానిని వదలిపెట్టును. రెండవది: మసక యాడ్‌ను బట్టి పెరుగును గనుక, ఒకటి, ఒకటింబావు యాడ్‌తో నలువదులలో నారంభించినవానికి అలవాటు సులభము, అరువదియేండ్లవరకు ఆగి రెండున్నరతో మొదలుపెట్టువానికి కష్టము. వాయిదా వేయుటవలన లాభము లేదు.

అలవాటనగా నేమి? మనము తల త్రిప్పినప్పుడెల్ల కండ్లు సరిగా నంతే కొలతతో ఎదుటిదిక్కునకు తిరిగి లోకమును నిలుకడగా చూపుచుండును. ఈ కొలతను మెదడు ఏనాడో నేర్చి, మనకు దెలియకుండనే నడుపుచున్నది. క్రొత్త అద్దములో ఒక్కొక్కచోట నొక్కొక్క శక్తి యుండుటచే ప్రతిబింబము ఒకచోట కొంచెము పెద్దదిగను మరియొకచోట కొంచెము వంగియు కనబడి, పాతకొలత తప్పును. తల త్రిప్పగానే గోడలు, మెట్లు తేలియాడినట్లు తోచుట యిందువలననే. మెదడు క్రొత్తకొలతను నేర్చుకొనును. చాలమందికి కొన్ని దినములలోనే, కొందరికి రెండుమూడు వారములలో అలవడును. కాని నేర్చుటకు దానికి ఎడతెగని అభ్యాసము కావలయును. ఉదయము క్రొత్తజోడు, మధ్యాహ్నము పాతజోడు, రాత్రి మరల క్రొత్తది పెట్టువాడు మెదడునకు ప్రతిదినము పాఠము చెరిపి మొదటినుండి చెప్పుచున్నాడు. కనుక తెల్లవారి లేచిన పిమ్మట ఇంటిలోనే, కూర్చున్నచోటనే, దూరపు గోడగడియారమును, ఎదుటి కిటికీని, చేతిలోని పత్రికను వరుసగా చూచుచు మొదలుపెట్టి, ఆ దినమంతయు తీయకుండ ధరించుట ఉత్తమము. మొదటి వారమున ద్విచక్రవాహనము నడుపుట, క్రిక్కిరిసిన బస్సునుండి దిగుట, చీకటిమెట్లు దిగుట మానుకొనవలెను.

నియమ మొక్కటియే: పైకి క్రిందికి కన్ను తిరుగవలెను, ఎడమకు కుడికి తల తిరుగవలెను. ఇదివరకు తల కదపకుండ కనుకొలకులనుండి చూచుటకు అలవడినవారికి ఇది మొదట నటనవలె తోచునుగాని, చూడదలచిన వస్తువువైపు ముక్కు త్రిప్పినచో చూపు తానే నడవలోనికి వచ్చును. వార్తాపత్రికను విప్పి రెండుపుటలను ఒక్కచూపున పరికింపవలెనన్న కుదురదు; వరుసవెంట తల మెల్లగా సాగవలెను. మన పత్రికల యిరుకైన కాలములు ఈ జోడునకు అనుకూలములే. మెట్లు దిగునప్పుడు గడ్డమును రొమ్మువైపు వంచి, అద్దపు పైభాగమునుండి పాదములను చూడవలెను; లేనిచో చదువునకు నుద్దేశించిన క్రిందిభాగమునుండి చూచుటచే చివరిమెట్టు మసకై కాలు తప్పును. పీట వేసికొని, నేలపై బాసికపట్టు వేసికొని, పుస్తకమును వ్యాసపీఠముపై నుంచి చదువు మన పూర్వపు పద్ధతికి ఈ జోడు చక్కగా సరిపడును. మంచముపై పరుండి, తలగడమీద తలయెత్తి టెలివిజను చూచుటకు మాత్రము పనికిరాదు. అప్పుడు చూపు చదువుభాగమునుండి పోవును. కిరాణాదుకాణములో తలపైనున్న అలమరలోని డబ్బాలపేర్లు చదువువారికిని, నిచ్చెనయెక్కి తలపైని తీగలను కలుపు కరెంటుపనివారికిని, దగ్గరచూపు పైభాగమున కావలసియుండగా అద్దములో క్రిందనుండుటచే బాధ తప్పదు. వారికి వేరు జోడు చెప్పవలెను. కంప్యూటరుముందు దినమంతయు కూర్చుండువారు నడవలోనుండి తెరను చూచుటకై గడ్డమెత్తి యెత్తి మెడనొప్పి తెచ్చుకొందురు. తెర పైయంచు కంటిమట్టమునకు బాగుగ క్రిందనుండునట్లు దించుట మొదటి ఉపాయము. చాలకున్నచో, చేయిదూరమునకు గదిదూరమునకు మాత్రము చేసిన అద్దములను ఆఫీసులో వేరుగా నుంచుకొనుట రెండవది.

ఇంతచేసినను అలవాటు కాకున్నచో, దోషము మీది కాకపోవచ్చును, కొలతది కావచ్చును. సాధారణమైన అద్దములో రెండుమూడు మిల్లీమీటర్ల తప్పు కన్ను సహించును. నడవ వెడల్పే కొన్ని మిల్లీమీటర్లైన ఈ యద్దములో సహింపదు. కంటిపాపలనడుమ దూరమును, అనగా దుకాణపు భాషలో పీడీని, రెండుకండ్లకు కలిపి కాక, ముక్కునడిమినుండి ఒక్కొక్క కంటికి వేరువేరుగా కొలువవలెను. మనుష్యుల ముఖములలో కుడియెడమలు సమముగా నుండుట అరుదు. మీరెన్నుకొన్న ఫ్రేమును మీ ముఖమునకు వంచి సరిచేసి, మీరు సహజముగా నిలిచి ఎదుట చూచుచుండగా, కంటిపాప యెత్తును అద్దముపై చుక్కపెట్టి గుర్తింపవలెను. ఈ పని చేయకుండ, ఫ్రేము పెట్టెలోనుండగనే ఆర్డరు వ్రాసికొను దుకాణమున ప్రోగ్రెసివ్ కొనరాదు. ముఖమును చూడకుండ, పవరుచీటి మాత్రము పుచ్చుకొని యింటికి పంపు జోడును గూర్చియు నా తీర్పు ఇదియే. ఫ్రేము మరీ సన్ననిదైనచో చదువుభాగము కోతలోనే పోవును; ఎత్తుగలదానిని ఎన్నుకొనవలెను. మన ఎండలలో చెమటకు జోడు ముక్కుపైనుండి జారుచుండును. మూడు మిల్లీమీటర్లు జారినచో నడవయు మూడు మిల్లీమీటర్లు దిగిపోయినట్లే, చదువుటకై చుబుక మెత్తవలసివచ్చును. ముక్కుదిండ్లను, చెవికొమ్ములను సరిచేయించుట రూపాయి ఖర్చులేని చికిత్స.

కొన్నది తాము కోరినదేనాయని తెలిసికొనుటకును మార్గము కలదు. ప్రతి ప్రోగ్రెసివ్ అద్దముపై, వెలుతురునకు వాల్చి చూచినప్పుడు మాత్రము కనబడు రెండు సూక్ష్మచిహ్నములు, ఒకదాని కొకటి 34 మిల్లీమీటర్ల దూరమున, చెక్కియుండును. చెవివైపు చిహ్నముక్రింద యాడ్ అంకెయు, ముక్కువైపు తయారీదారు గుర్తును ఉండును. ఈ రెండు గుర్తుల ఆధారమున దుకాణదారు అద్దముపై నడవ యెక్కడనున్నదో మరల చుక్కపెట్టి, మీ కంటిపాప కెదురుగా నున్నదో లేదో రెండునిమిషములలో చూపగలడు. చూపుమని యడుగుట మీ హక్కు.

మధుమేహముగలవారు మరొక జాగ్రత్త వహింపవలెను. రక్తములో చక్కెర హెచ్చుతగ్గులైనప్పుడు కంటికటకము నీరుపట్టి దాని శక్తియే మారును. అట్టి దినమున పరీక్షించి చేయించిన జోడు, చక్కెర అదుపులోనికి వచ్చిన పిమ్మట సరిపడదు. చక్కెర కొన్నివారములు నిలకడగా నున్న తరువాతనే పవరు చూపించుకొనవలెను. శుక్లము తీయించుకొన్నవారును గాయము మాని చూపు నిలకడపడువరకు, సామాన్యముగ నెలరోజులకు పైగా, ఆగవలెను.

ఈ జోడు అందరికిని కాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో స్టీఫెన్ లార్డ్ బృందము 63 మొదలు 90 ఏండ్లవరకు వయస్సుగల 156 మందిని ఏడాదిపాటు పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితము ననుసరించి, బైఫోకల్, ప్రోగ్రెసివ్‌వంటి అద్దములు ధరించు వృద్ధులు పడిపోవు అవకాశము తక్కినవారికంటె రెండింతలకు పైగా నుండెను. క్రిందిభాగము నేలను మసకచేయుటయే దానికి కారణము. ఆ దేశమందే 2010లో వెలువడిన మరొక పరిశోధనలో, తరచు బయట తిరుగు వృద్ధులకు నడకకై దూరపుజోడు వేరుగా నిచ్చినప్పుడు వారు పడిపోవుట తగ్గినది. అరుదుగా బయటికి వెడలువారికి మాత్రము ఆ మార్పు మేలు చేయలేదు. కావున, డెబ్బదియేండ్లు దాటి, ఒకసారి పడినవారికిని, తలతిప్పుడు రోగముగలవారికిని, రెండుకండ్ల పవరులకును మిక్కిలి తేడాగలవారికిని ప్రోగ్రెసివ్‌ను తొలిసారిగా అంటగట్టరాదు. ఇదివరకే అలవడి బజారునకు, గుడికి దినదినము నడచు వృద్ధునికి, బయటనడకకు దూరపుజోడు మరొకటి యుండుట మేలు.

చత్వారమునకు ఖరీదైన అద్దమే శరణ్యమని యెవ్వరును భావింపరాదు. దూరపుచూపు బాగుగానుండి, చదువునకు మాత్రము ఇబ్బందిపడువానికి సాదా చదువుజోడు చాలును. అస్సాములోని తేయాకుతోటలలో నలువదేండ్లు పైబడిన 751 మంది కూలీలపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, అట్టి సాదాజోడు నిచ్చినవారి పని, ఇయ్యనివారి పనికంటె దాదాపు 22 శాతము అధికముగా పెరిగినది. ఆ సంవత్సరముననే ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో తెలంగాణ ప్రభుత్వము కంటివెలుగు కార్యక్రమమును ప్రారంభించి గ్రామగ్రామమున చదువుజోళ్లను పంచినది. 2019 అక్టోబరు 10న అనంతపురములో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన కంటివెలుగును మొదలుపెట్టినది. అయినను లోకమంతట 82 కోట్లకు పైగా జనులు తీర్చగలిగిన ఈ దగ్గరచూపులోపముతోనే కాలము గడుపుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019 నాటి తన నివేదికలో తెలిపినది.

చత్వారము మెల్లగా, రెండుకండ్లకును సమముగా, దగ్గరచూపునకే వచ్చును. ఒక కంటికే చూపు తగ్గినను, దీపముచుట్టును రంగులవలయములు కనబడినను, తిన్ననిగీత వంకరగా తోచినను, ఒక్కదినములో మసక కమ్మినను అది చత్వారము కాదు. దుకాణమునకు కాక వైద్యునియొద్దకే పోవలెను. నీటికాసులవంటి రోగములు బాధపెట్టకుండనే చూపును హరించును గనుక, నలువదియవయేట చదువుజోడునకై పోయిననాడే కంటియొత్తిడిని, లోపలి తెరను గూడ పరీక్షింపించుకొనుడు. ఇంటిలో పెట్టెలో దాచిన ప్రోగ్రెసివ్ జోడున్నచో దానిని వెలికితీసి, చేసినవానియొద్దకే కొనిపోయి, నడవ కంటిపాప కెదురుగానున్నదో లేదో చుక్కపెట్టించి చూపించుకొనుడు. సరిగానున్నచో మూడువారములు విడువక ధరింపుడు, లేకున్నచో అద్దములు మార్చి యిమ్మని యడుగుడు.